తెరిచి ఉంచిన వాల్వు

నేను కాలుగాలిన పిల్లినని మా ఆయన క్లైడ్ అంటాడు. అననీ. నెబ్రాస్కాలో ఇల్లూ పొలమూ అమ్మేసి ఈ ఇంటి బండి కొన్నాక ఎక్కడా వారం పైన నిలిచింది లేదు. మంచమూ పొయ్యీ మరుగుదొడ్డీ అన్నీ చక్రాల మీదే ఉన్నప్పుడు ఆగడమెందుకు? అసలు సంగతి అది కాదనుకోండి. మా అబ్బాయి లైల్ పొలంలో ట్రాక్టరు తిరగబడి పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా వాడే. ఉండలేకపోయాను.

సమాధి దగ్గర పాస్టరు, దేవుడికి మంచి పనివాడు కావాల్సొచ్చి లైల్‌ని పిలుచుకున్నాడన్నాడు. మరి నాకు అక్కర్లేదా? ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేశాను. మళ్ళీ చర్చి గడప తొక్కలేదు.

ఈ చలికాలం మంచు తప్పించుకోడానికి అందరిలాగే అరిజోనా ఎడారికి వచ్చాం. ఇలాంటి బండ్లన్నీ ఆగే ఈ శిబిరంలో దిగామో లేదో క్లైడ్ పాతుకుపోయాడు. పొద్దున్నే గుర్రపు నాడాలు విసిరే ఆట, సాయంత్రం పక్క బండివాళ్ళతో పేకాట. నేను మాత్రం రోజూ మ్యాపు పరుచుకుని కూర్చునేదాన్ని. సోమవారం భోజనం దగ్గర, ఇక వెళ్దామన్నాను. తను పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"నా మోకాళ్ళు అరిగిపోయాయి రోవీనా. వసంతం దాకా నేనిక్కడే. నువ్వు పోతానంటే తాళాలు అదిగో, అక్కడున్నాయి."

పెళ్ళయినప్పటి నుంచీ అలాంటి మాట అనలేదు. ఉంటే ఉండనీ, నేను గురువారం వెళ్ళిపోతానన్నాను. పక్కవాళ్ళ దగ్గర ఖాళీ ట్రైలరు ఉందట, అందులో ఉంటాడట. అంతా మాట్లాడి పెట్టుకున్నాడన్నమాట. ఇక నేను తగ్గితే రోవీనాని కాదు.

గురువారం పొద్దున కరెంటు తీగ ఊడదీశాను, మంచినీళ్ళ పైపు చుట్టాను. ఇక మిగిలింది మరుగుదొడ్డి ట్యాంకు. ఈ బండ్లలో కాపురం చేసేవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని సంగతొకటుంది. ఆ ట్యాంకు వాల్వు మూసి ఉంచాలి. నిండాక ఒక్కసారిగా తెరిస్తే నీళ్ళ ఊపుకి అంతా కొట్టుకుపోతుంది. నాకు అంత ఓపికేది? లోపల ఏదీ నిలవకూడదు, ఎప్పటిదప్పుడు పోవాలని, వచ్చిన రోజు నుంచీ తెరిచే ఉంచాను. నీళ్ళేమో పోయాయి, మిగతాది ఉండిపోయి సిమెంటులా గట్టిపడింది. పైన దొడ్డి అంచుదాకా పొంగింది. ఆ కంపుకి పక్కవాళ్ళు కుర్చీలు మడుచుకుని అవతలికి జరిగారు. క్లైడ్ కాఫీ తాగుతూ, "అంతా నీ తొందర," అన్నాడు. ఆ ఒక్క మాటే. చేతిలో రెంచి ఉంది, ఎలాగో తమాయించుకున్నాను.

ట్యాంకులు తోడే లారీ వచ్చే వారం దాకా రాదట. గోరుచుట్టు మీద రోకటిపోటు. కంపుతోనైనా సరే పోతానని బండెక్కబోతుంటే ఎల్వుడ్ వచ్చాడు.

ఎల్వుడ్ ఒకప్పుడు బడి బస్సు నడిపేవాడు. ఇప్పుడు ఆదివారాలు శిబిరంలో రేకుల పందిరి కింద ఆరాధన జరిపిస్తాడు. మేం దిగిన రోజున దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని ఆరాధనకి పిలవడానికి వచ్చాడు. రొట్టెలకి థాంక్స్, దేవుడు మాత్రం వద్దని ముఖం మీదే తలుపేశాను. రొట్టెలు బాగానే ఉన్నాయి.

అదేమీ మనసులో పెట్టుకోలేదు ఆ మనిషి. మూతిలోంచి నీళ్ళు చిమ్మే పొడుగాటి గొట్టం తెచ్చాడు. నన్ను కుళాయి దగ్గర నిలబెట్టి, ముందు దొడ్డిలోంచి పొడిచాడు. కదల్లేదు. అప్పుడు మట్టిలో మోకాళ్ళూని, బండి కిందికి దూరి, వాల్వులోంచి పొడిచాడు. ఉన్నట్టుండి అంతా ఊడి ఆయన గడ్డం నుంచి నడుము దాకా పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎక్కడలేని కోపం వచ్చింది.

"నా కొడుకు ట్రాక్టరు కింద నలుగుతుంటే మీ దేవుడెక్కడున్నాడండీ?" అని అడిగేశాను.

ఎల్వుడ్ మోచేత్తో గడ్డం తుడుచుకున్నాడు. ఏ వాక్యం చెబుతాడా, ఎలా తిప్పికొట్టాలా అని కాచుకుని ఉన్నాను.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "మా పాప పోయినప్పటి నుంచీ నేనూ అదే అడుగుతున్నాను."

"మరి ఆదివారాలు ఆ పాటలెందుకు?"

"ఇంకెవర్ని అడగను?" అన్నాడు. "నీళ్ళు వదులు, లోపల ఇంకా ఉంది."

మళ్ళీ ఆ కంపులోకే దూరాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా లేవలేదు. క్లైడ్ తన చొక్కా ఒకటి ఇస్తే తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు.

ఇక నన్ను ఆపేదేమీ లేదు. డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను స్టార్టు చేశాను. గేరు మీద చెయ్యి వేశాను గానీ చెయ్యి కదల్లేదు. నోరు కదిలింది. ఆ పైవాణ్ని తిట్టడం మొదలుపెట్టాను. దొంగవన్నాను, గుండె లేనివాడివన్నాను, చేతనైతే వాణ్ణొదిలి నన్ను తీసుకుపోవాల్సిందన్నాను. ఇన్నాళ్ళూ క్లైడ్ మీదా, రోడ్ల మీదా, కనిపించిన ప్రతివాడి మీదా కక్కిందంతా ఇప్పుడు చేరాల్సినవాడికి చేరుతున్నట్టనిపించింది. "నీకూ ఒక కొడుకున్నాడు కదా. వాడు సిలువ మీద మేకులకి వేలాడుతుంటే చూశావు కదా. నా కడుపుకోత నీకు తెలీదా?" అన్నాను.

ఆ మాట అన్నాకే నాకు తట్టింది. తెలుసు. ఆయనకి తెలుసు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. సమాధి దగ్గర కూడా అలా ఏడవలేదు.

తలుపు తీసిన చప్పుడైంది. క్లైడ్ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎవర్ని తిడుతున్నావని అడిగాడు. దేవుణ్ని అన్నాను. తను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వింటున్నాడా?" అన్నాడు మెల్లగా.

"వింటున్నాడు," అన్నాను, ఇంజను ఆపేస్తూ.