మూడు ఊళ్ళ మాదిరి పాఠం

మా గంగాధరప్ప సార్‌కు ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియదు గానీ, దాని మీద పూటంతా మాట్లాడమంటే మాట్లాడతాడు. మధ్యలో నీళ్ళు కూడా తాగడు.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడు సంగతి ఇది. కోలారు నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టిన జిల్లా, నలుగురికీ చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. పైవాళ్ళు ‘కలికా జాల’ అని ఒక పథకం తెచ్చారు. నేర్చుకునే వల అన్నమాట. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఒక్కో బడిలో మాదిరి పాఠం చెప్పాలి. దాన్ని వీడియో తీసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. టీచర్లందరూ కంప్యూటర్ల ముందు కూర్చొని ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవాలి. దీనికంతా పెద్దగా గంగాధరప్పను వేశారు. ఆయన క్లాసులో సుద్దముక్క పట్టుకొని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. పాఠం చెప్పనివాళ్ళు పాఠం ఎలా చెప్పాలో చెప్పడం మా శాఖలో మొదటి నుంచీ ఉన్న ఆచారమే.

బాగేపల్లి తాలూకా తరఫున మా ఊరి బడి పేరు పడింది, నా మూడో తరగతి. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పుస్తకాలు కన్నడం. ఆ రెండింటి మధ్యలో ప్రమోద అనే పిల్ల చిక్కుకుపోయింది. నత్తి. ఏదైనా అడిగితే నేల చూస్తుంది. పక్కన కూర్చునే రంజిత మాత్రం నోరు మూయదు. ఈ ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. నేను కన్నడంలో భాగాహారం లెక్క చెబితే, రంజిత దాన్ని తెలుగులోకి దించి ప్రమోదకు చెబుతుంది. “శనక్కాయలు ఇరవై ఉండాయి. మనం నలుగురం ఉండాము. ఒగొగరికి ఎన్ని?” ప్రమోద ఆలోచించి రంజిత చెవిలో గొణుగుతుంది. రంజిత లేచి, “ఐదంట మిస్,” అని అరుస్తుంది. రంజితకు తెలియని లెక్కలకు కూడా ఈ దారిలోనే జవాబు వచ్చేది. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకే అర్థమయ్యేది కాదు. ఏ పథకమూ పెట్టని ఆ జతను చూస్తే నాకు మహా ముచ్చటగా ఉండేది.

గంగాధరప్ప కెమెరా మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. రాగానే పిల్లల్ని వరసగా నిలబెట్టి, సంతలో టమాటాలు ఏరినట్టు ఏరడం మొదలుపెట్టాడు. టక్కున జవాబు చెప్పినవాళ్ళు ముందు వరసకు, తడబడినవాళ్ళు వెనక్కి. ప్రమోద వంతు వచ్చింది.

“నీ పేరేమి?”

ప్రమోద రంజిత చెవి దగ్గరికి వంగింది. “దాని పేరు ప్రమోద సార్,” అంది రంజిత.

“దానికి నోరు లేదా?”

“ఉండాది సార్. నాకే చెప్తాది.”

గంగాధరప్ప ప్రమోదను చూసి నవ్వాడు. “నువ్వు పోయి బయట కూర్చోమ్మా. నీ వల్ల పాఠం చెడిపోతాది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “సార్, ఒకరిని చూసి ఒకరు నేర్చుకునేది చూపించల్ల అంటిరి గదా. ఈ ఇద్దరినీ తియ్యండి. దీనికంటే మాదిరి పాఠం యాడుండాది?” అన్నాను.

“శశికళా మేడమ్, చెవిలో గుసగుసలు కెమెరాకు వినపడవు,” అన్నాడు ఆయన, చాలా ఓపికగా, తెలివితక్కువదానికి చెప్పినట్టు.

మా హెడ్మాస్టర్ నరసింహయ్య నా కొంగు లాగినంత పని చేశాడు. ఆయనకు రిటైర్మెంట్ దగ్గర పడింది, పైనుంచి ఎవరొచ్చినా తల ఊపడమే ఆయన ఉద్యోగం. “పోనీలేమ్మా, ఒక్క పూట గదా,” అన్నాడు. ప్రమోదతో పాటు ఇంకొందరు పిల్లలు పలకలు పట్టుకొని బిసియూట, అంటే మధ్యాహ్నం బడి భోజనం, వండే గది వెనక కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా లోపలి చప్పట్లు వింటూ ఉన్నారు.

లోపల రంజిత కెమెరాను చూసి జంకలేదు. అడిగిన ప్రతిదానికీ ముందు పన్ను ఊడిన నోటితో గడగడా చెప్పింది. గంగాధరప్ప కళ్ళల్లో వెలుగు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. చిక్కబళ్ళాపురంలో పిల్లలు కెమెరాను చూసి బిగుసుకుపోయారట. కొన్నాళ్ళకు మా బడి ముందు జీపు ఆగింది. రంజితను చిక్కబళ్ళాపురం బడికి తీసుకుపోవాలట.

“ఆ బడి పిల్లలతో ఆ బడి పాఠం చెప్పించుకోండి. నా పిల్ల ఎందుకు?” అన్నాను.

“జిల్లా ఆర్డరమ్మా,” అన్నాడు నరసింహయ్య. రంజిత తండ్రి వెంకటప్ప అయితే, కూతుర్ని జీపులో ఎక్కించి ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టను. ఆ ఇంట్లో జీపు ఎక్కిన మొదటి మనిషి ఆ పిల్లే.

మాదిరి పాఠం అంటే రోజూ రిహార్సలే. పొద్దున జీపు తీసుకుపోతుంది, సాయంత్రం దింపుతుంది. చిక్కబళ్ళాపురం అయిపోయాక చింతామణి. కార్తీకం పోయి పుష్యం వచ్చింది. ఇక్కడ ప్రమోద పక్క చోటు ఖాళీ. నేను తెలుగులో అడిగాను, బుజ్జగించాను, వేరే పిల్లను పక్కన కూర్చోబెట్టాను. ప్రమోద నేల చూపు మారలేదు. తర్వాత ఉత్త బిసియూట వేళకు వచ్చేది. ఆ తర్వాత అదీ మానేసింది.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తల్లి చిక్కమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది, షావుకారు కూలికిచ్చిన మూట. ఎదురుగా ప్రమోద కూడా ఒలుస్తోంది. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి.

“బడికి ఎందుకు పంపించలేదు చిక్కమ్మా?”

“మీవాండ్లే బయట కూర్చోబెడితిరి గదమ్మా,” అంది చిక్కమ్మ, తల ఎత్తకుండా. “బయట కూర్చునేది ఇంట్లోనే కూర్చుంటాది. ఇన్ని కాయలన్నా ఒలుస్తాది.”

ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుంది? సిగ్గేసింది, గంగాధరప్ప మీద అసహ్యం రెండింతలైంది. ఆ పిల్ల ముందు కూర్చున్నాను. “రంజిత మళ్ళీ మన క్లాసుకు వస్తే నువ్వు వస్తావా?”

ప్రమోద చేతిలో కాయ ఆగింది. “వ... వస్తాదా?” అంది. ఆ పిల్ల నాతో నేరుగా అన్న మొదటి మాట అదే.

“నేను తీసుకొస్తాను,” అన్నాను.

చిక్కమ్మ ఇప్పుడు తల ఎత్తింది. “సరేమ్మా, మీ మొహం చూసి ఇంగొక్కసారి పంపిస్తా. మళ్ళా బయట కూర్చోబెట్టినారంటే మాత్రం ఇంగ అంతే. చెప్తా ఉండా.”

వీడియోలు చూసే సభ చిక్కబళ్ళాపురంలో పెట్టారు. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి, గుడిలోకి పోయినట్టు లోపలికి పోయాం. ఆపరేటర్ నాగేశ్ వెబ్‌సైట్ తెరిచాడు. తెర మీద ఒక గుండ్రం తిరగడం మొదలైంది. అందరం ఆ గుండ్రాన్నే భక్తితో చూశాం. ఎంతకీ అది ఆగకపోయేసరికి నాగేశ్ జేబులోంచి సీడీ తీసి పెట్టాడు. మూడు తాలూకాల వల చివరికి ఒక జేబులో పట్టింది.

మొదటిది బాగేపల్లి. రంజిత, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ముందు పన్ను లేదు. రెండోది చిక్కబళ్ళాపురం. రంజిత, ఒంటి జడ, పన్ను సగం మొలిచింది. మూడోది చింతామణి. రంజిత, నీలం రిబ్బన్లు, పన్ను నిండుగా వచ్చింది. మూడు ఊళ్ళలోనూ అదే లెక్క, అదే జవాబు, అదే “థ్యాంక్యూ సార్.” గదినిండా టీచర్లు. ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు, పెదవులు బిగబట్టి నవ్వుతున్నారు. నోరు తెరిచినవాళ్ళు ఒక్కరూ లేరు. దీనికంటే మా ఊరి గొర్రెలు నయం, తోవ తప్పితే అరుస్తాయి.

నేను లేచాను. “సార్, మూడు బడుల్లోనూ ఉండేది నా క్లాసు పిల్ల. పేరు రంజిత. మూడు వీడియోల్లో పెరిగింది దాని పన్ను ఒక్కటే.”

ఎవరో కిసుక్కుమన్నారు. గంగాధరప్పకు చెమట పడుతుందేమోనని చూశాను. పడితే ఆయన గంగాధరప్ప ఎందుకవుతాడు? రెండు చేతులూ చాచి నవ్వాడు. “చూసినారా? నెట్‌వర్క్ అంటే ఇదే! ఒక బడి పిల్ల మూడు బడులకు నేర్పించింది. అందరూ మేడమ్‌కు చప్పట్లు కొట్టండి!”

కొట్టారు. నిజంగా కొట్టారు. నరసింహయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు.

తర్వాత అందరూ అభిప్రాయాలు రాయాలి. టైపు చేయడం ఎవరికీ రాదు. మొదటి టీచర్ ‘చాలా బాగుంది, ఎంతో నేర్చుకున్నాం’ అని చెబితే నాగేశ్ కొట్టాడు. మిగతావాళ్ళు “మాదీ అదే వేసెయ్యప్పా,” అని చెప్పులు తొడుక్కున్నారు. నేను గంగాధరప్పను వాకిట్లో పట్టుకున్నాను. “నాకు మీ చప్పట్లు వద్దు. రేపటి నుంచి నా పిల్ల జీపు ఎక్కదు,” అన్నాను.

“ఇంగ అవసరం లేదు మేడమ్, మూడూ అయిపోయినాయి. తీసుకోండి,” అన్నాడు, అరువు తెచ్చిన గిన్నె తిరిగి ఇస్తున్నట్టు.

ఊరికి పోగానే చిక్కమ్మకు కబురు పెట్టాను. సోమవారం పొద్దున ప్రమోద వచ్చింది. తలకు నూనె రాసి, బిగించి జడ వేసి పంపింది చిక్కమ్మ. ప్రమోద గేటు దగ్గర నిలబడి రంజిత కోసం చూస్తోంది. రంజిత రావడం, ఈ పిల్ల మొహం విప్పారడం రెండూ చూశాను. గెలిచాననే అనుకున్నాను. నరసింహయ్య ఏదో సంతకానికి పిలిస్తే ఆఫీసు గదికి వెళ్ళాను.

తిరిగి వస్తుంటే క్లాసులోంచి రంజిత గొంతు వినపడింది. మాదిరి పాఠం ఆట ఆడిస్తోంది. చేతిలో నా బెత్తం. పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్క అడుగుతోంది. చెప్పినవాళ్ళు ముందుకు, చెప్పనివాళ్ళు వెనక్కి. ప్రమోద అలవాటు ప్రకారం దాని చెవి దగ్గరికి వంగింది. రంజిత తల పక్కకు తిప్పేసుకుంది.

“నువ్వు పోయి బయట కూర్చోమ్మా,” అంది, అచ్చం గంగాధరప్ప నవ్వే నవ్వుతూ. “నీ వల్ల పాఠం చెడిపోతాది.”

“రంజితా!” అని అరిచాను. బెత్తం కింద పడింది. కానీ ప్రమోద అప్పటికే పలక తీసుకుంది. ఏడవలేదు, ఎవరినీ చూడలేదు. ఎక్కడికి పోవాలో బాగా తెలిసినదానిలా నా పక్క నుంచే దాటి, బిసియూట గది వెనక్కి నడిచింది.

గంగాధరప్ప పాఠం ఎవరికీ ఎక్కలేదని నేను అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నా క్లాసులో ఇద్దరికి ఎక్కింది.