పేరు రాసిన బండ

విరిగిన బండకు ఆ నాపబండల పాలిష్ యూనిట్‌లో ఒక పద్ధతుంది. ఎవరి చేతిలో విరిగితే వాళ్ల పేరు ఎర్ర మార్కర్‌తో దాని మీద రాస్తారు. శనివారం కూలి ఇచ్చేటప్పుడు ఆ బండ ఖరీదు కోసేస్తారు. బండను షెడ్డు వెనక కుప్పలో పడేస్తారు. గనిలోంచే పగులుతో వచ్చిన రాయి అయినా సరే, కోత మాత్రం పనివాళ్లకే.

తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో ఉంది ఆ యూనిట్. రెబెక్క అక్కడ మిషన్ నడుపుతుంది. కోత ఆమెకు అలవాటైపోయిన బాధ. కొత్త మంట మొన్న పుట్టింది. బషీరాబాద్ నుంచి ఒక ట్రాలీ వచ్చి, ప్రహరీ గోడ కోసమని ఆ కుప్పలోంచి బండలు ఎత్తుకుపోయింది. దాని డ్రైవర్, యూనిట్ యజమాని అయిన సేటు చేతిలో నోట్లు పెట్టడం పక్క మిషన్ గోవిందమ్మ కళ్లారా చూసింది. అంటే ఒకే బండకు సేటు రెండుసార్లు వసూలు చేస్తున్నాడు.

అందరూ కలిసి నవీన్‌కుమార్‌ను మాట్లాడమని పంపారు. అతను రెబెక్క తమ్ముడు. డిగ్రీ చదివి అదే షెడ్డులో బండలు మోస్తున్నాడు. సేటు పాండురంగం ఎప్పటిలాగే గుంపుగా రావద్దన్నాడు, ఒక్కరినే గదిలోకి పిలిచాడు, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఇంతకుముందు ఏసుదాసు అలాగే లోపలికి వెళ్లి మేస్త్రీ అయి వచ్చాడు. రాజేందర్ వెళ్లి లోడింగ్ కాంట్రాక్టుతో వచ్చాడు. నవీన్ సూపర్‌వైజర్ అయి వచ్చాడు. జేబులో ఎర్ర మార్కర్.

మర్నాడు పని దిగాక రెబెక్క ఆటో పిలిచి, కుప్పలో తన పేరున్న బండలు ఏరి ఎక్కించింది. వానొస్తే ఆమె వంటింట్లో అడుసే. అవి పరిస్తే పొయ్యి దగ్గర పొడిగా కూర్చోవచ్చు.

గేటు దగ్గర నవీన్ అడ్డం నిలబడ్డాడు.

"దించక్కా. సేటు చూస్తే నా నౌకరి పోతది."

"దీని మీద ఎవ్వరి పేరుందో సదువు. డిగ్రీ చేసినవ్ గద."

అతను చూడలేదు. "పేరు కోత కోసం రాసింది. బండ సేటుదే."

"పైసలు నాయి, పేరు నాది, బండ సేటుదా? గీ లెక్క చాయ్‌ల కలిపి తాపిండ్రా నీకు?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. నవీన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆటో వెనక దారి దొరకని హైదరాబాద్ లోడు లారీ హారన్ ఆపకుండా మోగిస్తోంది. ఆ మోతకు పాండురంగం బయటికి వచ్చాడు. ఇంతదానికి రచ్చ ఎందుకని, లోపలికి వచ్చి కూర్చుని మాట్లాడుకుందామని రెబెక్కతో మెత్తగా అన్నాడు. ఆమె రానంది. చెప్పేదేదో అందరి ముందే చెప్పమంది. ఆయన లారీ వైపు చూశాడు. తీసుకుపొమ్మన్నాడు.

గెలిచామనుకున్నారు. గోవిందమ్మ తన బండల కోసం మరుసటి రోజుకు అదే ఆటో మాట్లాడుకుంది.

తెల్లారి పనికొచ్చేసరికి కుప్ప లేదు. షెడ్డు వెనక ఒట్టి నేల. రాత్రికి రాత్రే ఎవరికో అమ్మేశారు. గోవిందమ్మ ఆ నేలను చూసి, ఆటోవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

కాసేపటికి రెబెక్క మిషన్ కింద ఒక బండ టక్కున పగిలింది. నవీన్ వచ్చి చూశాడు. జేబులో మార్కర్ లేదు. ఇకమీదట బండల మీద పేర్లు రాయొద్దని సేటు చెప్పాడట. కోత మాత్రం ఉంటుందట, ఎవరి చేతిలో విరిగిందో ఫోన్‌లో ఎక్కించుకోమన్నాడట.

"పేరు రాయి," అంది రెబెక్క.

"వద్దన్నడు అక్కా."

"నా పేరు లేని బండకు నా కూలి ఎట్ల కోస్తవ్?"

రెబెక్క మిషన్ ఆపి, ఆ పగిలిన బండను నేలమీదికి దించి, దాని మీదే కూర్చుంది. గోవిందమ్మ మిషన్ ఆగింది. తర్వాత అవతలిది. షెడ్డులో మిషన్ల నుంచి నీళ్లు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట లారీ సగం లోడుతో నిలబడి ఉంది.

గది గుమ్మంలోకి పాండురంగం వచ్చాడు.

"ఏందట మీ బాధ? ఒక్కరు రండి, మాట్లాడుదం."

ఆయన వెనక కుర్చీ కనబడుతోంది. ఎవరూ లేవలేదు. రెబెక్కను పేరుపెట్టి పిలిచాడు. ఆమె తలెత్తలేదు. గోవిందమ్మను పిలిచాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. నవీన్ అలవాటుగా ఒక అడుగు ముందుకు వేసి, అక్కను చూసి ఆగిపోయాడు.

బయట లారీ హారన్ మోగింది.

చివరికి పాండురంగం కుర్చీ తనే ఎత్తుకుని షెడ్డులోకి దిగాడు. తెల్ల చెప్పులకు పాలిష్ బురద అంటుకుంది. కూర్చున్న వాళ్ల మధ్యకు వచ్చి, ఆ కుర్చీ ఎవరి ముందు వేయాలో తెలియక, దాన్ని చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.