కుడివైపు రెయిలింగ్

జడ్జమ్మ అసలు ఉద్యోగం కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు తూచి చీటీలు అంటించడం. అయితే ఇంట్లో మొగుడూ మరిదీ టీవీ రిమోట్ కోసం తగువు పడినా తీర్పు ఆమే చెప్పాలి. ఎవరూ అడక్కపోయినా చెబుతుంది. ఆ పేరు పెట్టింది మరిదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే ఆ మనిషి సామాజిక న్యాయం మీద ఆన్‌లైన్ కోర్సులో చేరిందంటే ఇంటిల్లిపాదికీ గుండెలు జారక ఏం చేస్తాయి?

"ఇన్నాళ్ళూ ఉత్తినే తీర్పులు చెప్పేది. ఇక సర్టిఫికెట్ పెట్టుకుని చెబుతుంది," అన్నాడు మరిది.

ఆ కోర్సులో సగం పాఠం, సగం పని. వారానికోసారి మేడమ్ తెరమీద పాఠం చెబుతారు. మిగతా రోజుల్లో, చుట్టుపక్కల ఒకరి ఇబ్బంది తెలుసుకుని తీర్చాలి. "వాళ్ళ కోసం చేసేయడం కాదు, వాళ్ళతో కలిసి చేయాలి," అని మేడమ్ ఒత్తి ఒత్తి చెప్పారు. అందరికన్నా గట్టిగా తల ఊపింది జడ్జమ్మే.

ఆమె ఎంచుకున్నది పక్క వీధి టైలరమ్మను. పక్షవాతం వచ్చి తగ్గాక ఆవిడకు ఎడమచేతిలో పట్టు పోయింది. గుమ్మం ముందు మెట్లేమో నిటారుగా ఉంటాయి. కోడలు చెయ్యి పట్టుకుని దించాలి, కోడలు పనికి వెళితే ఇక గడప దాటడం లేదు. వీధి చివర బెంచీ మీద స్నేహితురాళ్ళు పొద్దున్నే చేరి నవ్వే నవ్వులు మాత్రం గుమ్మం దాకా వస్తాయి. అవి వింటూ కూర్చోవడమే ఆవిడకు మిగిలింది.

జడ్జమ్మ ఆఫీసులోంచే వీడియో కాల్ చేసింది. పక్క వీధిదాకా నడిచే తీరిక ఎక్కడిది, సమాజసేవ చెయ్యాలి కదా!

"మీకేం కావాలి పిన్నిగారూ?"

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికి పోవాలమ్మాయ్. రోజూ నన్ను మీ ఆఫీసు పార్సిల్‌లా దింపుతున్నారు."

"ఏ చెయ్యి బాగుంది?"

"కుడిది."

అంతే, కాల్ అయిపోయింది. మర్నాడు వెల్డర్‌ని వెంటబెట్టుకెళ్ళి, వీధిలో నిలబడి గుమ్మం వైపు చూస్తూ, "కుడివైపు బిగించు" అంది. అతను బిగించి నీలం రంగు కూడా వేశాడు. ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దని తీర్పు చెప్పి వెళ్ళింది జడ్జమ్మ.

ఆదివారం పొద్దున్నే క్లాసు, టైలరమ్మ గుమ్మం ముందునుంచే. ఫోన్‌ను స్టూలు మీద నిలబెట్టింది. మేడమూ, తోటి విద్యార్థులూ తెరమీద చిన్న చిన్న గళ్ళలో కూర్చుని చూస్తున్నారు. టైలరమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని గుమ్మంలోకి వచ్చి కుడిచెయ్యి చాచింది. చేతికి గాలి తగిలింది. రెయిలింగ్ ఎడమవైపున ఉంది.

జడ్జమ్మ నాలుక కరుచుకుంది. తను వీధిలో నిలబడి కుడి చూసింది. ఆవిడ గుమ్మంలోంచి వస్తుంది.

"ఇంట్లోకి పోవడానికి భేషుగ్గా ఉందమ్మాయ్, బయటికి రావడానికే లేదు," అంది టైలరమ్మ. "నన్ను లోపలే ఉంచమని మా కోడలు గానీ చెప్పిందా?"

వెనకనుంచి కోడలు ఫక్కున నవ్వింది. జడ్జమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. గబగబా మెట్లెక్కి, "రండి, నా చెయ్యి పట్టుకోండి," అంది.

టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నవ్వు పోయింది. "మళ్ళీ చెయ్యేనా," అంది చిన్నగా.

ఆ గొంతు విని జడ్జమ్మ మనసు చివుక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె దగ్గర తీర్పు లేకపోయింది. "తప్పు నాదే పిన్నిగారూ. ఏం చేద్దామో మీరే చెప్పండి."

టైలరమ్మ రెయిలింగ్‌ను కాసేపు చూసింది. తర్వాత మెల్లగా వీధికి వీపు పెట్టి తిరిగింది. రెయిలింగ్ కుడిచేతి కిందికి వచ్చింది.

"వెనక్కి దిగుతాను. నువ్వు కింద నిలబడు. ముట్టుకున్నావో, ఊరుకోను."

జడ్జమ్మ కింద నిలబడింది. చేతులు ముందుకు పోతుంటే వెనక్కి కట్టుకుంది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. మధ్యలో ఎడమకాలు తడబడింది, జడ్జమ్మ చేతులు మాత్రం కదల్లేదు. టైలరమ్మ నిలదొక్కుకుని, చివరి మెట్టు కూడా దిగి, నేలమీద నిలబడి ఇటు తిరిగింది. ఫోన్‌లో ఒకటే చప్పట్లు.

"అటువైపు కూడా ఒకటి పెట్టించు. రోజూ వెనక్కి నడుస్తుంటే పిచ్చిదనుకుంటారు," అంటూనే బెంచీ వైపు కదిలింది.

జడ్జమ్మ కళ్ళు తుడుచుకుని ఫోన్ దగ్గరికి వచ్చింది.

"చాలా బాగుంది!" అన్నారు మేడమ్. "ఆవిణ్ణి ఒకసారి పిలవండి, ఎలా అనిపించిందో అడుగుదాం."

జడ్జమ్మ వీధి చివరకేసి చూసింది. బెంచీ మీద ఆడవాళ్ళు జరిగి చోటిస్తున్నారు.

"కుదరదు మేడమ్. ఆవిడ బయటికెళ్ళారు."