పాటల తాలు

ఎల్లమ్మ రోజూ పొద్దున ఎనిమిదింటికి బోరబండ నుంచి ఫిల్మ్ నగర్‌లోని స్టూడియోకి వచ్చి, ముందు టీ కప్పులు ఏరి, తర్వాత కంప్యూటర్ బల్ల కింద ఊడుస్తుంది. టేపుల మీది పాత పాటల్ని కొత్త డిజిటల్ ఫార్మాట్‌లోకి మార్చడం మొదలైనప్పటి నుంచి ఆ బల్ల కింద చారెడు చప్పుళ్లు రాలుతున్నాయి. చెవికి అక్కర్లేదని ఫార్మాట్ వదిలేసినవి. బూడిద రంగులో, పొట్టులా తేలిగ్గా ఉంటాయి. చీపురు తగిలితే సన్నగా దగ్గుతాయి, గుసగుసలాడతాయి. ఎల్లమ్మ వాటిని తాలు అంటుంది. ఏసీలో ఇరుక్కుంటున్నాయని మేనేజరు ఒకసారి విసుక్కున్నాడు తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు సౌండ్ ఇంజనీరు జాన్ బాబు ఒక్కడే. తన చెవుల మీద ఉన్నంత నమ్మకం ఆయనకి దేవుడి మీద ఉందో లేదోనని పాస్టరుగారికే అనుమానం. ఇంత రాలుతుంటే పాట తగ్గకుండా ఎలా ఉంటుందని ఆయన వాదన. స్టూడియో యజమాని త్రినాథరావు మాత్రం, తేడా లేదని జాన్ బాబు సంతకం పెట్టగానే టేపులన్నీ పారేసి ఆ గది ఖాళీ చేద్దామని కూర్చున్నాడు.

ఫార్మాట్ కంపెనీ తరఫున స్ఫూర్తి అనే అమ్మాయి వచ్చింది.

"సార్, ఒక సౌండ్ వెనక ఇంకోటి దాక్కుంటే చెవికి తెలీదు. ఆ దాక్కున్నదే తీసేస్తున్నాం. ఏది టేపో, ఏది మాదో మీరే చెప్పండి."

జాన్ బాబు కళ్లు మూసుకుని ఇరవై సార్లు విన్నాడు. తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పాడు. నాణెం ఎగరేసినా పది వచ్చేవి కదా అని స్ఫూర్తి అనలేదు. మర్యాద తెలిసిన పిల్ల.

పరీక్షకి ఆమె తీసుకున్నది ముప్పై ఏళ్ల కిందటి కోరస్ పాట. ఎనిమిది మంది అమ్మాయిలు పాడారు. ఎక్కడో శ్రుతి తప్పింది. ఎవరని సంగీత దర్శకుడు అడిగితే, అప్పుడు అసిస్టెంటుగా ఉన్న జాన్ బాబు తడుముకోకుండా కరుణాకుమారి అనే అమ్మాయిని చూపించాడు. టైము చాలక ఆ టేకే ఉంచేశారు గానీ, ఆమెను మళ్లీ ఎవరూ పాడడానికి పిలవలేదు. రెండేళ్లకి పెద్దలు సంబంధం కుదిర్చి ఆ అమ్మాయినే జాన్ బాబుకిచ్చి పెళ్లి చేశారు. కాపురం మంచిదే. అయితే కరుణాకుమారి పిల్లలకి జోల కూడా పాడలేదు. చర్చిలో అందరూ పాడుతుంటే పాటల పుస్తకం తెరిచి, పెదవులు బిగించి నిలబడుతుంది. జాన్ బాబు ఆ మాట ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. తను తప్పు విని ఉంటానని ఆయనకి తోచనే లేదు.

మర్నాడు పొద్దున ఎల్లమ్మ చేట పట్టుకుని పిలిచింది.

"సారూ, జర ఇటు రాండ్రి. చెరిగి చూస్తే తాలుల గట్టి గింజ ఒకటి దొరికింది."

జాన్ బాబు చేట మీదికి వంగాడు. ఏడుగురి వెనక దాక్కున్న ఎనిమిదో గొంతు, ఒంటరిగా, నూలు పట్టినట్టు తిన్నగా పాడుతోంది. ఇంట్లో రోజూ వినే గొంతే. దాని పక్కనే ఒక వయొలిన్, పిసరంత కిందికి జారి.

"ఎవలది సారూ?"

"మా ఇంటావిడది."

"ఇంత మంచిగ పాడతదా అమ్మ? ఎన్నడు చెప్పకపోతిరి."

జాన్ బాబు లోపలికెళ్లి కాగితం మీద రాశాడు: తేడా నాకు వినపడలేదు. నాకు వినపడలేదన్నది సాక్ష్యం కాదు. టేపులు ఉంచండి. త్రినాథరావు చదివి గొణిగాడు, ఉంచాడు.

ఆ సాయంత్రం మధురానగర్‌లోని ఇంట్లో కరుణాకుమారి దొండకాయలు తరుగుతోంది. జాన్ బాబు ఆ గింజ వేసి తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. కత్తి ఆగింది. పాట అయ్యేదాకా ఆమె కదల్లేదు.

"తప్పింది వయొలిన్. నేనే తప్పు విన్నాను," అన్నాడాయన.

"నాకు తెలుసండి. ఆ రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీ చెవుల ముందు నా మాట ఎవరు వింటారని?"

జాన్ బాబుకి ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు, దొండకాయలు తరగడం పూర్తి చేసింది.

ఆదివారం చర్చిలో మొదటి చరణం నుంచే కరుణాకుమారి పాడింది. ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగారు. ఆరాధన అయ్యాక క్వైర్ నడిపే తబిత గబగబా వచ్చింది.

"ఆంటీ, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ ఈ గొంతు? క్రిస్మస్‌కి మా కోరస్‌లో పాడండి."

"కోరస్‌లో వద్దమ్మా," అంది కరుణాకుమారి. "ఒక్కదాన్నే పాడతాను."