పద్దెనిమిది కిలోల కానుక

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన చేత ఒక్క అరటిపండు తినిపించిన మొనగాడు మార్కెట్లో లేడు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణంలో అడుగు పెట్టగానే కాటా మీద తన తూకపు రాళ్లు పెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో ముక్కు ఆనించి మరీ చూసేవాడు. వర్తకులు ఎదురుగా ఉన్నంతసేపూ సార్ అనేవారు, వీపు తిప్పగానే గ్రాముగారు అనేవారు. ఆ పేరు సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు కానీ, నిజం చెప్పొద్దూ, లోపల్లోపల తెగ మురిసిపోయేవాడు.

ఏటా సంవత్సరాంతపు సెలవుల ముందు పండ్ల దుకాణం పెద్దాయన ఒక బుట్ట నింపి ఇంటికి పంపేవాడు. గ్రాముగారు దాన్ని అదే బుట్టలో, అదే గుడ్డ కప్పి, ఒక్క ద్రాక్షపండు తగ్గకుండా తిప్పి పంపేవాడు. పంపి ఊరుకుంటే గ్రాముగారు ఎందుకవుతాడు? మర్నాడు స్వయంగా వెళ్లి, కాటా సరిగ్గానే ఉంది కదా, మరి ఈ బుట్ట దేనికి అని నిలదీసేవాడు. సరిగ్గా ఉంది కాబట్టే ధైర్యంగా పంపానని పెద్దాయన నవ్వేవాడు. ఇందులో ఏదో మెలిక ఉందని గ్రాముగారు ఆ కాటాను ఇంకోసారి తనిఖీ చేసేవాడు.

అలాంటి మనిషికి యాభై ఆరో ఏట విమానం నడపాలని బుద్ధి పుట్టింది. ముప్పయ్యేళ్లు ఆఫీసు కిటికీలోంచి చూశాడు, ఫ్లయింగ్ క్లబ్బు చిన్న విమానాలు కప్పుల మీదుగా లేచిపోవడం. బరువులు చూసీ చూసీ విసిగిన ప్రాణం, ఒక్కసారి ఒంటరిగా అలా లేవాలనుకుంది. ఈ వయసులో అందరికీ మోకాళ్ల నొప్పులు వస్తాయి, మీకు రెక్కలు వచ్చాయా అంది భార్య. అని, డబ్బాలో రెండు చపాతీలు పెట్టి పంపింది.

నేర్పేది ముప్పై దాటని అమ్మాయి. ఆయన మేడం అనేవాడు, ఆవిడ సార్ అనేది. మొదటి రోజు ఆవిడ బరువుల పత్రం తీసి, ఎక్కే ప్రతిసారీ ఎవరి బరువు ఎంత, ఇంధనం ఎంత, సీట్ల వెనక సామాను ఎంత అన్నీ రాసి సంతకం పెట్టాలని చెప్పింది. గ్రాముగారికి పుట్టింటికి వచ్చినట్టయింది. సంచిలోంచి తన బుల్లి కాటా తీసి కలం, డైరీ, కళ్లజోడు, చేతిరుమాలు విడివిడిగా తూచి రాశాడు. పైగా, మార్కెట్లో తాను రోజూ చెప్పే మాట ఆవిడకూ చెప్పాడు. ఎంత తేడా అన్నది కాదు మేడం, రాసింది ఒకటి, ఉన్నది ఒకటి అయిందా లేదా అన్నదే ముఖ్యం అని. ఆవిడ తల ఊపింది. అప్పట్నుంచి ఆయన పత్రం నింపాక ఆవిడ ఒక్కటే ప్రశ్న అడిగేది, "అంతేనా?" అని. "అంతే" అనేవాడు ఆయన, గర్వంగా.

రెండేళ్లు గడిచాయి. ఒంటరిగా ఎగరాలంటే ఆవిడ లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి. ఆవిడ తొందరపడే రకం కాదు. తొందరంతా గ్రాముగారిదే. ఎడమ కంటి వెనక పొర పలచబడుతోందని, దీనికి ఆపరేషను లేదని కంటి డాక్టరు చెప్పాడు. చేతిలో ఉన్న ఆరోగ్య పత్రం సంవత్సరం ఆఖరు రోజుతో సరి, మళ్లీ ఇస్తాడన్న నమ్మకం లేదు. ఆ పత్రం లేకుండా ఒంటరిగా ఎగరనివ్వరు. సెలవులకు క్లబ్బు మూసేలోగా ఎగిరితే ఎగిరినట్టు, లేకపోతే జన్మలో లేనట్టు.

క్లబ్బు మూసే ముందు మిగిలిన ఆఖరి పాఠం రోజున చూద్దాం అంది ఆవిడ. ఆ చూద్దాం అన్న మాట ఆయనకు నాలుగు రోజులు నిద్ర లేకుండా చేసింది.

ఇక్కడ బామ్మర్ది రంగంలోకి దిగాడు. భార్య తమ్ముడు, పాత్రల దుకాణం. సెలవులొస్తున్నాయి, పంతులమ్మకు ఏం ఇస్తున్నావని అడిగాడు. ఇలాంటి పనులు తన ఇంటా వంటా లేవన్నాడు గ్రాముగారు. కానీ క్లబ్బు ఆఫీసులో అద్దాల బీరువా ఆయన కళ్లలో మెదిలింది. విద్యార్థులు సెలవులకు ఇచ్చిన కానుకలు. బొమ్మ విమానాలు ఇరవై మూడు, రెక్కలు గీసిన కప్పులు పదకొండు. ఆయన లెక్క పెట్టాడు మరి. అందరూ ఇచ్చారు, అందరూ ఎగిరారు.

"ముందు ఇస్తే లంచం, తర్వాత ఇస్తే బాకీ తీర్చినట్టు" అన్నాడు బామ్మర్ది. "సరిగ్గా సంతకానికి నిమిషం ముందు కళ్ల పడాలి బావా. అప్పుడే అది కానుక."

తన దుకాణంలోంచే ఒక సెట్టు తీసిచ్చాడు, అయిదు పోత ఇనుము గిన్నెలు, మూతలతో సహా, నీలం రంగు పూత పూసినవి. ఎర్ర రిబ్బను కట్టిన పెట్టె పద్దెనిమిది కిలోలు తూగింది. పెట్టె మీద కూడా పద్దెనిమిదే రాసి ఉంది. ఆ నిజాయితీ చూసి గ్రాముగారు కొంత కుదుటపడ్డాడు.

ఆఖరి పాఠం రోజు పొద్దున ఎప్పటిలాగే పండ్ల బుట్ట వచ్చింది. దాన్ని వెనక్కి పంపి, తన పెట్టెను కారులో పెట్టుకుని బయల్దేరాడు.

క్లబ్బు ఆఫీసులోకి రిబ్బను పెట్టెతో నడిచి వెళ్లడానికి కాళ్లు రాలేదు. నలుగురు కుర్ర విద్యార్థులున్నారు, అందులో ఒకడు పప్పుల దుకాణం వాడి కొడుకు. అందుకని విమానం చుట్టూ తిరిగి పరీక్షించే సమయంలో పెట్టెను సీట్ల వెనక సామాను అరలో పెట్టి, పైన ఒక గుడ్డ కప్పాడు. పథకం తేలికే. ఆవిడతో కలిసి మూడు చుట్లు కొడతాడు. ఆవిడ, ఇక మీరే వెళ్లండి అని దిగుతుంది. అప్పుడు, మేడం, ఆ వెనక తలుపు తీయండి అంటాడు. ఇద్దరి బరువుకీ, ఇంధనానికీ ఈ పద్దెనిమిది కలిపినా పరిమితికి ఇంకా ఆరు కిలోలు తక్కువే. ఇంట్లో నాలుగుసార్లు లెక్క చూసుకున్నాడు.

పత్రం నింపుతూ వెనక సామాను అన్న గడి దగ్గర ఆగాడు. రాస్తే కానుక బయటపడుతుంది. సున్నా చుట్టాడు. ముప్పయ్యేళ్లలో ఆయన రాసిన మొదటి తప్పుడు అంకె, అందులోనూ ఎంత గుండ్రంగా వచ్చిందో.

"అంతేనా?"

"అంతే" అన్నాడు. పత్రం ఆవిడ చేతికిచ్చాడు.

పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టయింది ఆయన పని. విమానం పరుగు తీస్తుండగా ఆయన లేపకముందే ముక్కు లేచింది. గాల్లోకి వచ్చాక కూడా పైకే చూస్తోంది, కిందకి నొక్కి పట్టుకోవాల్సి వస్తోంది. ఆవిడ సీట్ల మధ్య ఉన్న, ముక్కు ఎత్తును సర్దే చిన్న చక్రాన్ని కొంచెం తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. తర్వాత చెయ్యి తీసి, ఆయన వైపు తిరిగింది.

"సార్, వెనక ఏముంది?"

"దిగాక చెబుతాను మేడం."

"విమానం చెప్పేసింది. చేతులు తీయండి, నేను దింపుతాను."

మూడు చుట్లు కాస్తా ఒక్క చుట్టుతో సరి. ఆవిడ దిగి, వెనక తలుపు తీసి, గుడ్డ లాగింది. ఎర్ర రిబ్బను ఎండకు మెరిసింది. గ్రాముగారు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏదో మా తృప్తి కోసం మేడం అన్నాడు. ఇందులో వేరే ఉద్దేశం లేదన్నాడు. ఇంట్లోవాళ్లు ఇచ్చారనుకోండి అన్నాడు. ఇవన్నీ ఎక్కడో విన్న మాటల్లా ఉన్నాయే అనుకుంటుండగా ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది. మార్కెట్లో, ప్రతి దుకాణంలో, ముప్పయ్యేళ్లుగా. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

ఆవిడ రిబ్బను విప్పి ఒక మూత ఎత్తి చూసింది. మొహం విప్పారింది. అమ్మ ఏడాదిగా ఇలాంటివే కావాలని పోరుతోందని, చాలా చాలా థాంక్స్ అని, నిజంగానే సంతోషంగా చెప్పింది. గ్రాముగారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. బామ్మర్ది మహానుభావుడు అనుకుంటూ లాగ్‌బుక్కు అందించాడు.

ఆవిడ కలం తీసి రాసింది. ఒంటరి ప్రయాణం వాయిదా, కారణం బరువుల పత్రంలో తప్పు. కింద అందమైన సంతకం పెట్టింది.

"పద్దెనిమిది కిలోలే మేడం. పరిమితి లోపలే ఉన్నాం. నాలుగుసార్లు లెక్క చూశాను."

"చూశారు. చూసి సున్నా రాశారు. ఎంత తేడా అన్నది కాదని నాకు నేర్పిందే మీరు కదా సార్."

గ్రాముగారు పెట్టె వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. "మరి ఇది..." అన్నాడు.

"అది కానుక. ఇది సంతకం. రెంటికీ ఏమిటి సంబంధం?" అని, ఆవిడ పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని తన కారు వైపు నడిచింది. సాయం పట్టబోతే వద్దంది.

ఇంట్లో బామ్మర్ది ఈ కథ విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తీసుకుని కూడా సంతకం పెట్టలేదా? మరీ ఇంత నీతి లేని మనిషా?"

లంచాలు మింగేవాళ్లకు కూడా ఉప్పు తిన్న విశ్వాసం ఉంటుందని, లోకం ఇలా అయిపోతే వ్యాపారాలు ఎలా సాగుతాయని వాపోయాడు. గ్రాముగారికీ మొదట అలాగే అనిపించింది. భార్య మాత్రం పళ్లెం ముందు పెట్టి, పక్కన కూర్చుంది.

"ఆవిడ మీకంటే గట్టిది" అంది. "తీసుకుంటే ఎక్కడ ముల్లు వంగుతుందో అని మీరు ముప్పయ్యేళ్లు చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. ఆవిడకి ఆ భయం లేదు."

గ్రాముగారికి ఆ మాట చురుక్కుమంది. అన్నం కలిపి కూడా తినలేకపోయాడు. నిప్పులాంటి మనిషినని అనుకుంటూ వచ్చాడు, అదంతా తన మీద తనకు నమ్మకం లేకేనా? సెలవులన్నీ ఆ ప్రశ్నతోనే గడిచాయి. ఆఖరు రోజు రానే వచ్చింది, ఆరోగ్య పత్రం గడువు చప్పుడు లేకుండా పోయింది.

సెలవులయ్యాక కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే, డాక్టరుగారికి కూడా ఒక సెట్టు అని బామ్మర్ది ఏదో అనబోయాడు. అక్క ఒక చూపు చూసేసరికి ఆగిపోయాడు.

డాక్టరు కుడి కన్ను మూయమని, గోడ మీది అక్షరాల బోర్డు చూపించాడు. పై వరుసలు చదివాడు. ఆఖరి వరుస మసకగా, చీమలబారులా ఉంది. కానీ అందులో ఏముందో గ్రాముగారికి కంఠతా వచ్చు. రెండేళ్లలో అయిదుసార్లు చదివిన బోర్డే అది, మార్చిన పాపాన పోలేదు. డాక్టరు తల ఎత్తకుండా ఫారం నింపుతున్నాడు. ఏడు అక్షరాలు పలికితే చాలు, ఒంటరిగా ఆకాశం. నోరు తెరిచాడు. చెవిలో ఆ అమ్మాయి గొంతు, "అంతేనా?" అని.

"ఆ వరుస నాకు వచ్చు డాక్టరుగారూ" అన్నాడు. "కానీ కనిపించడం లేదు."

డాక్టరు కలం కింద పెట్టాడు.

ఆ ఆదివారం తన టోపీ, పుస్తకాలు తెచ్చుకోవడానికి క్లబ్బుకు వెళ్లాడు. విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ ఓదార్చలేదు. సొరుగులోంచి బరువుల పత్రం తీసి ముందు పెట్టింది. పక్కన తానుంటే ఆ ఆరోగ్య పత్రం అక్కర్లేదని, ఒంటరిగా మాత్రం ఇక వెళ్లలేరని, వస్తే రండని చెప్పింది.

ఆయన కూర్చుని పత్రం నింపసాగాడు. ఆవిడ ఒక చిన్న పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సెలవుల కానుక, ఆలస్యమైంది. మూడు వందల గ్రాములు. వెనక పెడుతున్నాను, రాయండి."

ముప్పయ్యేళ్ల అలవాటు, వెనక్కి పంపే మాట నాలుక చివరి దాకా వచ్చింది. గ్రాముగారు దాన్ని మింగేశాడు. సంచిలోంచి బుల్లి కాటా తీసి పొట్లాన్ని పెట్టి, ముక్కు ఆనించి చూశాడు.

"పది గ్రాములు ఎక్కువ ఉంది మేడం."

"రిబ్బను మీదే సార్. అది తూచలేదు."

చూస్తే అదే ఎర్ర రిబ్బను. గ్రాముగారు మూడు వందల పది అని రాశాడు.

"అంతేనా?"

"అంతే" అని సంతకం పెట్టాడు. పొట్లంలో ఏముందో అడగబుద్ధి కాలేదు. వచ్చే ఏడు పండ్ల దుకాణం పెద్దాయన బుట్ట పంపుతాడో పంపడో అని మాత్రం, జీవితంలో మొదటిసారి, బెంగ పట్టుకుంది.