పన్నీరు చల్లే పిల్ల పరీక్ష

నేను ఒక పన్నీరు బుడ్డిని. పెళ్లికొచ్చినవాళ్లు నన్ను వెండిదాన్ననుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం పోయింది! లోపల ఇత్తడి, పైన పూత. కడుపులో కుళాయి నీళ్లు, రెండు చుక్కల గులాబీ సెంటు. నన్ను పోతపోసినవాడు నా మెడను సన్నగా, వంపుగా తీర్చాడు. ఆ అందం చూసి ఒక డాక్టరుగారి ఇల్లాలు ముచ్చటపడి కొనుక్కుంది. కూతురి పెళ్లి కాగానే పాత సామాన్లవాడికి వేసేసింది. మనుషుల ముచ్చట్లు నా పూతకన్నా పలచన. అక్కణ్ణుంచి విశాఖపట్నంలో పెళ్లిళ్ల కాంట్రాక్టరు సూరపనాయుడి పాలబడ్డాను.

గుమ్మంలో నిలబడి నవ్వుతూ స్వాగతం చెప్పడానికి సూరపనాయుడు కాలేజీ ఆడపిల్లల్ని కూలికి పెడతాడు. నన్ను పట్టుకునే పిల్ల నూకరత్నం, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఫీజు కడితేగానీ హాల్ టికెట్ ఇవ్వమంది కాలేజీ. సూరపనాయుడు అడ్వాన్సు ఇచ్చి కట్టించాడు. మహా దాత! అడ్వాన్సు తీసుకున్న పిల్ల అతను పిలిచిన ప్రతి పెళ్లికీ రావాలి. రాగానే సంచీ, ఫోనూ ఒక గదిలో పెట్టించి తాళం వేస్తాడు. మగపెళ్లివారి మీద పన్నీరు పడేదాకా తీయడు. పిల్లలు మధ్యలో జారుకోకుండా అతని కట్టుబాటు అది.

డిగ్రీ చేతికొస్తే ఈ నవ్వే కూలి మానేస్తానని నూకరత్నం తోటిపిల్లలతో అంటూ ఉండేది. సరిగ్గా ఆఖరి పరీక్షనాడే ఒక పెళ్లి పడింది.

"మద్దేనం పరీక్ష ఉంది బాబూ. హాల్ టికెట్టు సంచీలోనే ఉంది," అంది, సంచీ సూరపనాయుడికి ఇస్తూ.

"ముహూర్తం పొద్దున్నే కదేటమ్మా! మగపెళ్లోరు రాగానే ఎళిపోదువుగాని. ఆటో నానే పిలుస్తాను," అన్నాడు.

పిచ్చిది, నమ్మింది.

ముహూర్తం దాటింది గానీ బ్యాండు మాత్రం వీధి మలుపు దాటలేదు. పెళ్లికొడుకు స్నేహితులు కారు ముందు గెంతుతూనే ఉన్నారు. ఎండ నడినెత్తికెక్కింది. నూకరత్నం నన్ను పట్టుకునే సూరపనాయుడి దగ్గరికి పరుగెత్తింది.

"గది తియ్యండి బాబూ, మీకు దండం పెడతాను."

"ఆళ్లకి పన్నీరు పడకపోతే నా పరువేటైపోతాది? నవ్వు, ముందు నవ్వు!"

నాకు ఒళ్లు మండిపోయింది. బుడ్డి బతుకు, ఏం చేస్తాను?

ఎట్టకేలకు వచ్చారు. అందరికన్నా ముందు పెళ్లికొడుకు మేనమామ, పట్టుపంచెలో. ఆయన నూకరత్నం కాలేజీలోనే లెక్చరరు, నరసింగరావుగారు. ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది.

"నువ్వు మా కాలేజీ పిల్లవి కదూ? ఇవాళ పరీక్ష ఉండాలే?"

"ఉంది సార్. హాల్ టికెట్టు గదిలో పెట్టి తాళం వేశారు. మీరొక్క మాట చెప్పండి సార్, తీసేస్తారు."

ఆయన చుట్టూ ఉన్న వియ్యాలవారిని చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"చదువుకునే వయసులో డబ్బు మీద యావ పడితే ఇలాగే ఉంటుందమ్మా. క్రమశిక్షణ ముఖ్యం," అన్నాడు. తర్వాత భుజం ముందుకు వంచాడు. "ఇటు కూడా కాస్త చల్లు."

ఆమె చల్లింది.

ఊరేగింపు తోక లోపలికి వెళ్లేసరికి పరీక్ష వేళ దాటిపోయింది. సూరపనాయుడు తాళం తీశాడు. నూకరత్నం చీర మార్చుకోకుండానే పరుగెత్తింది. పరీక్ష హాలు గేటు మూసేశారట. తిరిగి వచ్చి మండపం వెనక అతని ఎదుట నిలబడింది.

"సప్లిమెంటరీ ఫీజు కట్టాలి బాబూ. అడ్వాన్సు కావాలి."

"దానికేటి తల్లీ, శ్రావణం నిండా పెళ్లిళ్లే!" అన్నాడు, సంబరంగా. ఆమె చెంపల మీద కన్నీటి చారలు చూసి నన్నందుకున్నాడు. నాలోని నీళ్లు ఆమె ముఖాన చల్లి, తన తువ్వాలు ఇచ్చాడు.

"తుడుసుకో. భోజనాలై పెద్దోళ్లు బయటికొస్తన్నారు, గుమ్మంలోకి పద."

నూకరత్నం ముఖం తుడుచుకుని, నన్ను పట్టుకుని, గుమ్మంలో నిలబడి నవ్వింది.