ఖాళీ అని రాసిన ఇల్లు

ఇంటి పన్ను నోటీసు వీధి తలుపు కింద నుంచి లోపలికి తోసి ఉంది. పెద్దిరాజు దాన్ని 1978 అక్టోబరు పదిహేనో తేదీన, ఆదివారం, ముందు గది ఊడుస్తుంటే చూశాడు. నోటీసు మీద ఆరో తేదీ వేసి ఉంది. ఆ గదిలోకి అతను నెలకోసారి వెళ్తాడు, ఊడవడానికి.

అతను రామచంద్రపురం వెళ్లే రోడ్డులో ఉన్న ఒక రైసు మిల్లులో కాటా గుమాస్తా. ఇరవై రెండేళ్లుగా బస్తాలు తూయించి, తూకం పుస్తకంలో రాస్తున్నాడు. పొద్దున్న ఆరింటికి ముందే ఇల్లు వదులుతాడు. పొద్దుపోయాక వస్తాడు. మిల్లుకి దారి పెరటి సందు వైపు కాబట్టి పెరటి తలుపు నుంచే రాకపోకలు. భోజనం మిల్లు పక్క హోటల్లో. భార్య జగదాంబ పోయి నాలుగేళ్లయింది. పిల్లల్లేరు. ఆవిడ సంవత్సరీకాలు అయిన మర్నాడు వీధి తలుపుకి బయట తాళం వేశాడు. మళ్లీ తీసే అవసరం రాలేదు.

కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. సాలుసరి అద్దె విలువ మూడు వందల అరవై. అంటే ఆ ఇల్లు అద్దెకిస్తే నెలకి ముప్పై రూపాయలు వస్తాయని మున్సిపాలిటీ లెక్క. దాని మీద ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలకి ఇంటి పన్ను 21.60, నీటి పన్ను 4.50, లైటింగు పన్ను 2.70, డ్రైనేజీ పన్ను 1.80, గ్రంథాలయ పన్ను 0.60. మొత్తం 31.20. ఇంతవరకూ పోయినసారి లాగే ఉంది.

దాని కింద ఒక గడి ఉంది. ప్రతిసారీ అందులో అడ్డగీత ఉండేది. ఈసారి చేత్తో రాశారు: మినహాయింపు, ఖాళీ, 15.60. కట్టవలసింది పదిహేను రూపాయల అరవై పైసలు. అభ్యంతరాలుంటే నోటీసు తేదీ నుంచి పదిహేను రోజుల్లోగా తెలపాలని చివర అచ్చు వేశారు. ఇంకా ఆరు రోజులున్నాయి.

సోమవారం సగం పూట సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాడు. పన్నుల సెక్షన్‌లో గుమాస్తా పేరు దొరబాబు.

"సగం తగ్గించారండి," అన్నాడు పెద్దిరాజు.

"తగ్గించాం కదా. ఇంకేంటి?"

"ఎందుకు తగ్గించారండి?"

దొరబాబు రిజిస్టరు తీసి డోరు నెంబరు మీద వేలు పెట్టాడు. "ఇల్లు ఖాళీగా ఉంటే ఆ అర్ధ సంవత్సరం పన్నులో సగం మాఫీ అండి. మామూలుగా ఇంటివాళ్లు అర్జీ పెట్టుకోవాలి. ఈ ఏడాది సర్వే జరిగింది కదా, మావాళ్లే తిరిగి రాశారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఇంట్లో ఎవరూ లేరు."

"నేనున్నానండి."

"అద్దెకా?"

"ఇల్లు నాదేనండి. నేనే ఉంటున్నాను."

దొరబాబు కలం కింద పెట్టాడు. "ఈ కుర్చీలో కూర్చుని పదకొండేళ్లయిందండి. పన్ను ఎక్కువేశారని తిట్టినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు. తక్కువేశారని వచ్చింది మీరొక్కరే." వెనక్కి తిరిగి పిలిచాడు. "యెహెజ్కేలుగారూ, మీ ఖాళీ ఇల్లు నడిచొచ్చిందండి. ఓసారి ఇలా రండి."

బిల్లు కలెక్టరు యెహెజ్కేలు బీరువా దగ్గర నుంచి లేచి వచ్చాడు. రిటైర్మెంటుకి రెండేళ్లున్న మనిషి. రిజిస్టరు చూసి, పెద్దిరాజుని చూశాడు.

"మూడుసార్లు వచ్చానండి," అన్నాడు. "మూడుసార్లూ పొద్దున్నే. గుమ్మం ముందు ముగ్గు లేదు. తాళం తుప్పు పట్టింది. పొయ్యి పొగ లేదు. ముగ్గు లేని గుమ్మం చూసి ఖాళీ అని రాస్తే ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పు పోలేదండి."

"మరి మీ పేటలో ముగ్గులెయ్యరు కదా. అవన్నీ ఖాళీ ఇళ్లేనా?" అన్నాడు దొరబాబు.

"అక్కడ మనుషుల్ని అడుగుతానండి. ఇక్కడా అడిగాను. ఎవరూ ఉండట్లేదని ఎదురింటావిడే చెప్పారు."

"మా ఆవిడ పోయాక ముగ్గెయ్యడం లేదండి," అన్నాడు పెద్దిరాజు.

"అయ్యో," అన్నాడు యెహెజ్కేలు. బీరువా దగ్గరికి వెళ్లిపోయాడు.

"దీనివల్ల మీకేంటండి నష్టం?" అన్నాడు దొరబాబు. "పదిహేను రూపాయలు మిగిలాయి."

"నష్టమేం లేదండి. రాసింది తప్పు. నేనక్కడ ఉంటున్నాను, లేనని రాశారు. కాటా తప్పు చూపిస్తే బస్తా దింపి మళ్లీ ఎక్కిస్తామండి. లాభం మిల్లుదైనా సరే, దింపుతాం."

దొరబాబు ఒక తెల్లకాగితం ఇచ్చాడు. ఆ వీధిలో పన్ను కట్టే ఇద్దరు, ఫలానా ఇంట్లో ఫలానా ఆయన ఉంటున్నట్టు మాకు తెలుసని రాసి సంతకాలు చెయ్యాలి. శనివారంలోగా తేవాలి. మిల్లు నుంచి తెస్తానని పెద్దిరాజు అంటే, మిల్లువాళ్లు మీరు పని చేస్తున్నారని రాస్తారు గాని ఎక్కడ పడుకుంటున్నారో రాయరు కదండీ అన్నాడు దొరబాబు.

మంగళవారం సాయంత్రం పెద్దిరాజు మిల్లులో చెప్పి ముందుగా బయల్దేరాడు. పెరటి సందులోకి తిరగకుండా చుట్టూ తిరిగి తన వీధిలోకి వచ్చాడు. ఎదురింటి మెట్ల దగ్గర మాణిక్యాంబ బియ్యం చెరుగుతోంది.

"ఎవరు కావాలండి?" అంది.

"ఎదురింటి పెద్దిరాజునండి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "జగదాంబగారి ఆయనా? మీరు ఊళ్లోనే ఉన్నారా? మిల్లు దగ్గరే గది తీసుకున్నారనుకున్నామండి."

"ఎవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదు. అలా అనుకున్నాం, అంతే. పన్నులాయన అడిగితే అదే చెప్పాను." ఆవిడ అతని ఇంటి వైపు చూసింది. "దీపం కూడా కనపడదేంటండి?"

"వెనక గదిలో ఉంటానండి."

ఆవిడ భర్త చంద్రరావు కాలవల ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. కళ్లజోడు తెప్పించుకుని, పెద్దిరాజు రాసుకొచ్చిన కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"నాలుగేళ్లుగా మీరు ఒక్కరే ఈ ఇంట్లో ఉంటున్నట్టు నాకు తెలుసునని రాసుకొచ్చారు. నాకు తెలీదు కదండీ."

"ఉంటున్నానండి."

"మీరుంటున్నారు, కాదనను. నాకు తెలీదంటున్నాను. ఇవాళ తెలిసింది."

"పెట్టెయ్యరాదూ సంతకం, పాపం," అంది మాణిక్యాంబ.

"కాగితం మీద పాపమని రాయమంటావా?" అన్నాడు చంద్రరావు. కలం అడిగి, పెద్దిరాజు రాసిన వాక్యం కొట్టేసి, కింద తన అక్షరాలతో రాశాడు: 'ఈ ఇంట్లో శ్రీ పెద్దిరాజు గారు నివాసం ఉంటున్నట్టు తేది 17-10-78న నాకు తెలిసినది.' సంతకం చేసి, డోరు నెంబరు వేశాడు.

"కాఫీ తాగి వెళ్లండి," అంది మాణిక్యాంబ.

"ఇప్పుడే తాగి వస్తున్నానండి," అన్నాడు పెద్దిరాజు. తాగలేదు.

నాలుగిళ్ల అవతల కుక్కుటేశ్వరరావుది కిరాణా కొట్టు. జగదాంబ ఉన్నప్పుడు సరుకులు అక్కడే తెచ్చేది. అతను కాగితాన్ని రెండుసార్లు చదివాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"చంద్రరావుగారు రాసిందాని కింద 'పై ప్రకారమే' అని రాస్తానండి. సొంతంగా ఏదీ రాయను, ఏమనుకోకండి. వ్యాపారస్థుణ్ణి."

"అలాగే రాయండి."

శనివారం మధ్యాహ్నం రెండింటికి దొరబాబు ఆ కాగితం చూశాడు.

"ఇది పదిహేడో తేదీ నుంచి పనికొస్తుందండి," అన్నాడు. "అక్టోబరుతో మొదలైన ఆరు నెలలకీ మీరున్నట్టు ఇప్పుడే రాసేస్తాను. వచ్చే బిల్లు ముప్పై ఒకటీ ఇరవై పూర్తిగా వస్తుంది. కానీ ఈ నోటీసు వెనకటి ఆరు నెలలది. ఆ ఆరు నెలలకీ మీ దగ్గర ఏమీ లేదు. కరెంటు బిల్లులున్నాయా?"

పెద్దిరాజు ఇచ్చాడు. దొరబాబు చూసి తిరిగిచ్చాడు. "అన్నీ మినిమమే. ఖాళీ ఇంటికైనా ఇదే వస్తుందండి."

"ఒక బల్బే వేస్తానండి."

"జబ్బు చేసి ఇంట్లో ఉండటం లాంటిదేమైనా?"

"జూన్‌లో మూడు రోజులు జ్వరమొచ్చిందండి."

"డాక్టరు వచ్చాడా?"

"మాత్రలు ముందే ఉన్నాయండి."

"మిల్లు నుంచి ఎవరైనా చూడ్డానికి వచ్చారా?"

"నాలుగో రోజు నేనే వెళ్లానండి. ఆగస్టు వానలకి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మంచం కోళ్ల కింద ఇటికలు పెట్టాను."

"ఎవరు సాయం పట్టారు?"

"ఒక వైపు తర్వాత ఒక వైపు ఎత్తి పెట్టుకున్నానండి."

దొరబాబు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇలా చేద్దామండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మీ ఇంటికి వచ్చినవాళ్లది ఒక్క పేరు చెప్పండి. చుట్టమైనా సరే, చాకలైనా సరే, దారి అడగడానికి తలుపు కొట్టినవాడైనా సరే. యెహెజ్కేలుగారు వెళ్లి అడిగొస్తారు. నేను మార్చేస్తాను."

పెద్దిరాజు ఆలోచించాడు. బట్టలు మిల్లు దగ్గరే చాకలికి ఇస్తాడు. పాలు పోయించుకోడు. ఉత్తరాలు మిల్లు అడ్రసుకి వస్తాయి, ఆ ఆరు నెలల్లో వచ్చినవి రెండు. వెనక ఎవరో దగ్గారు. అతను పక్కకి తప్పుకుని గోడ వారనున్న బల్ల మీద కూర్చున్నాడు.

దొరబాబు పదకొండు మందిని పంపించాడు. ఒకామె లైటింగు పన్ను ఎందుకు కట్టాలి, మా వీధిలో స్తంభం ఉంది గాని దీపం లేదు అని గట్టిగా అడిగింది. ఆమె వెంట వచ్చిన ఇద్దరు ఆమె చెప్పేది నిజమేనన్నారు. దొరబాబు రాసుకున్నాడు.

కౌంటరు నాలుగింటికి మూస్తారు. పది నిమిషాలుండగా పెద్దిరాజు లేచి వచ్చి, నోటీసు మీద పదిహేను రూపాయల అరవై పైసలు పెట్టాడు.

"పేరు గుర్తొచ్చిందాండి?" అన్నాడు దొరబాబు.

"లేదండి."

"సోమవారం దాకా చూడండి పోనీ. గడువు సంగతి నేను చూసుకుంటాలెండి."

"అక్కర్లేదండి," అన్నాడు పెద్దిరాజు. "బిల్లు సరిగ్గానే ఉంది."

దొరబాబు రసీదు పుస్తకం తీశాడు. డోరు నెంబరు, పేరు, మొత్తం రాశాడు. వివరం గడి దగ్గర కలం ఆపాడు.

"ఖాళీ అని రాయాలి కదండీ," అన్నాడు పెద్దిరాజు.

దొరబాబు రాశాడు. ముద్ర వేసి, చించి ఇచ్చాడు. పెద్దిరాజు అంకెలు సరిచూసుకుని రసీదు జేబులో పెట్టుకున్నాడు.